వంటవాణ్ణి వెంటబెట్టుకొచ్చిన జట్టు

ఒక్కో ఖండంలో గెలిచిన క్లబ్బులన్నీ ఒకచోట చేరి ఆడే ఆ ఫుట్‌బాల్ కప్పు గురించి మొన్న ఫోన్‌లో అడిగారు కదా, ఎవరు గెలవాలనుకున్నావవ్వా అని. నేను ఎవరూ గెలవాలనుకోలేదు. ఆ పోటీ పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మీరు షిల్లాంగులో కూర్చుని అది వట్టి ఆట అనుకుంటారు. అది మన మదనపల్లె దాకా ఏ రూపంలో వచ్చిందో చెబుతాను, వినండి.

ఆ మ్యాచుల్లో కొన్ని మనకు పొద్దున్నే వచ్చేవి. మన ఆసుపత్రి కాంపౌండు పిల్లలు పళ్లయినా తోముకోకుండా ఫోన్లకు అతుక్కుపోయేవాళ్లు. చూసి ఊరుకున్నా బాగుండేది. "ఆడ ఖండానికొక క్లబ్బు, ఈడ ఊరికొక క్లబ్బు" అని మదనపల్లె, పుంగనూరు, కుప్పం కలిపి సొంతంగా ఒక కప్పు పెట్టుకున్నారు. మదనపల్లె తరఫున మన కాంపౌండు క్లబ్బే ఆడింది. ఆటలు మన బడి గ్రౌండులోనే. వచ్చిన జట్టుకు మధ్యాహ్నం భోజనం పెట్టే పని చర్చిలోని మా స్త్రీల సమాజం తీసుకుంది. అందులో పెద్దదాన్ని నేనే.

ముందు పుంగనూరు వాళ్లు వచ్చారు. వాళ్లేం మర్యాదస్తులు కారు. అయినా వచ్చీ రాగానే భోజనాల బంతిలో కూర్చుని, సంగటి ముద్ద మీద ముద్ద వేయించుకున్నారు.

"అవ్వా, ఈపొద్దు మీ పిల్లోళ్లను ఉతికి ఆరేస్తాం. ఇంగ కొంచెం పులుసు పొయ్యి" అన్నాడొకడు.

"తిను నాయనా. ఇంత తిని యాడికి పరిగెత్తుతావో సూస్తా" అన్నాను.

గ్రౌండులో దిగాక మన గోల్‌కీపరును మోచేత్తో పొడిచారు, రెఫరీని వాడి తాతల దాకా తిట్టారు, ఓడిపోయి ఇంకా తిట్టుకుంటూ పోయారు. నాకు వాళ్ల మీద కోపం లేదు. మన విస్తట్లో తిన్నవాడు తిట్టినా అది ఇంట్లో గొడవ లాంటిదే.

ఆ తర్వాతి ఆదివారం ఫైనలుకు కుప్పం బస్సు వచ్చింది. ముందుగా దిగిన మనిషి తాను మేనేజరునని చెప్పుకున్నాడు. కుప్పం పక్క పల్లెలో మామిడి తోటలున్న ఆసామి, తెల్లచొక్కా. ఆయన వెనక ఒక గ్యాసు సిలిండరు దిగింది, పొయ్యి దిగింది, గరిట పట్టుకుని ఒక వంటవాడు దిగాడు. మా వంటకు ఎదురుగా, బడి వరండాలోనే పొయ్యి ముట్టించారు.

నేను కొంగుకు చేతులు తుడుచుకుంటూ పోయాను.

"ఇదేందప్పా, సంగటి దించి పెట్టినాము. పిల్లోళ్లను కూర్చోమనండి."

"వద్దు పెద్దమ్మా. మాది డైటు. ఆ ఖండాల కప్పులో పెద్ద పెద్ద క్లబ్బులు దేశం దాటి పోయినా వంటోన్ని ఎంటబెట్టుకొనే పోతాయి. మాదీ అదే పద్ధతి."

"ఏం వండతాడు మీవోడు?"

"అన్నమూ పప్పూ."

"మా కాడా పప్పు ఉండాది. దానికేం వచ్చింది?"

ఆయన మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. "మీకు యాల శ్రమ" అన్నాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. మా అమ్మ కాలంలో పెద్దమండ్యం వైపు పల్లెల్లో మా చేతి నీళ్లు తాగని ఇళ్లుండేవి. కులం తక్కువ వాళ్లమని మొహం మీదే అనేవాళ్లు. నా కాలానికి మాటలు మెత్తబడ్డాయి. ఇప్పుడే తిన్నాం అన్నారు, ఈరోజు ఒక్కపొద్దు అన్నారు, కడుపులో బాగాలేదన్నారు. మన ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఇవే విన్నాను. నొప్పులతో వచ్చిన ఆడవాళ్లు నా చేతి మాత్ర తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లతో మింగేవాళ్లు. డైటు అన్న మాట మాత్రం నాకు కొత్త.

మా సమాజంలో ఒకామె సర్దిచెప్పబోయింది. "పోనీలే వదినా, ఆ పెద్ద క్లబ్బులు నిజంగానే అట్ల చేస్తాయంట. నా కొడుకూ చెప్పినాడు."

"ఆ క్లబ్బులోళ్లకు ఎవురిల్లు ఏ వాడలో ఉందో తెలీదమ్మీ. వీళ్లకు మనమెవురో బాగా తెలుసు."

అయినా, నిజంగా ఆట కోసమేనేమో అని ఒక మూల అనుమానం. తేల్చుకోవడానికి ఒకటే దారి. ఆట ముగిశాక ఇక డైటు లేదు కదా. సంగటి మీద గుడ్డ కప్పి ఉంచమన్నాను. సాయంత్రం పులుసు మళ్లీ వెచ్చబెట్టించాను.

ఆ ఫైనల్లో మన పిల్లలు బంతిని కాదు, మనుషుల్ని తన్నారు. గట్టు మీద నుంచి మనవాళ్లు "పప్పన్నం గాళ్లు" అని అరుస్తూనే ఉన్నారు. పప్పన్నం వాళ్లే గెలిచారు.

వాళ్లు కప్పు పట్టుకుని వచ్చేసరికి వరండాలో విస్తళ్లు పరిచి, నేను నిలబడి ఉన్నాను. పులుసు వాసనకు ఇద్దరు ముగ్గురు ఆగారు.

"గెలిచినారు కదప్పా. ఇంగ డైటుతో పనిల్యా. కూర్చోండి."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "లేటవతాది పెద్దమ్మా. పలమనేరు మీద పోవల్ల."

"సంగటి ముద్ద మింగేదానికి ఎంతసేపు?"

"పోనీ, పార్సిల్ కట్టీండి. బస్సులో తింటారు."

"కట్టను. ఈడ కూర్చుంటే కడుపు నిండా పెడతా. మోసుకొనిపోయి రోడ్డున పారబోసేదానికి పెట్టను."

"అంత మాట యాలమ్మా?"

"నువ్వు పుట్టింది యాడ నాయనా?"

ఆయన బస్సు వైపు తిరిగాడు. ఆగిన ఆటగాళ్లలో ఒకడు అందుకున్నాడు. "ఈ ఆసుపత్రిలోనే అవ్వా. ఈయన మా చిన్నాయనే, ఎప్పుడూ చెప్తాంటాడు."

నేను మేనేజరు మొహంలోకే చూశాను. "అట్లయితే నీకు తొలి స్నానం పోసింది మా అట్లాంటోళ్లే. మా చేతి నీళ్లు ఆపొద్దే తగిలినాయి నీకు. ఇప్పుడు దాంకోని ఏం లాభం?"

నేను గొంతు పెంచలేదు, నా గొంతు మీకు తెలుసు కదా. ఆయన మొహం మాత్రం నల్లబడింది. "బస్సెక్కండ్రా" అన్నాడు. అందరూ ఎక్కారు. చిన్నాయన సంగతి చెప్పినవాడు విస్తరి వైపు ఒకసారి చూసి, వాడూ ఎక్కాడు. నేను వాడి మీద జాలిపడలేదు. బస్సెక్కిన కాళ్లు వాడివే.

ఆట చూడటానికొచ్చిన పుంగనూరు వాళ్లు ఆ విస్తళ్ల ముందు కూర్చున్నారు. "మీవోళ్లకు చేతగాల్యా అవ్వా. మేమైతే ఆ నాయాండ్లను తరిమింటాము" అంటూనే గిన్నె ఖాళీ చేశారు.

గెలిచిన ఊళ్లోనే మళ్లీ కప్పు జరగాలి కాబట్టి ఈసారి కుప్పంలో. నిన్న సాయంత్రం మన కెప్టెను పిల్లలందర్నీ వెంటేసుకుని వచ్చాడు.

"అవ్వా, మనమూ వంటోన్ని పిల్చుకొని పోదాము. పొయ్యి ఆ మేనేజరు గడప ముందరే ముట్టిస్తాము."

"వద్దు నాయనా. వట్టి కడుపుతో పోండి. దావలో టిఫిను గూడా తినొద్దండి. పోతానే ఆయనిల్లు యాడని అడగండి. పంచలో కాదు, నడింట్లో కూర్చోండి. అన్నం పెట్టమనండి."

"పెట్టకపోతే?"

"పెట్టేదాకా బూట్లు తొడుక్కోవద్దండి."

పిల్లల బస్సులో నేనూ పోతున్నాను. ఈ వయసులో అంత దూరం ఆట చూడటానికి ఎందుకని మీ అమ్మ ఫోన్‌లో కోప్పడుతోంది. నేను ఆట చూడటానికి పోవడం లేదని మీరైనా ఆమెకు చెప్పండి.