నా గుండెలో మూసుకోని దారి

నా చిన్నప్పుడు నా ఛాతీలో ఒక చప్పుడు ఉండేది. ఎడమవైపు, మెడ ఎముక కింద అరచెయ్యి ఆనిస్తే వేళ్లకు సన్నటి అదురు తగిలేది, నిద్రపోతున్న పిల్లి వీపు మీద చెయ్యి వేసినట్టు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే కాబట్టి దాని గురించి ఎవరినీ అడగలేదు. ఆకలి, దాహం ఉన్నట్టే అందరికీ ఇదీ ఉంటుందనుకున్నాను.

మాది సిద్దిపేటలో నేత పని చేసుకునే ఇల్లు. ముందు గదిలో బాపు మగ్గం, వెనక వంటిల్లు, మధ్య గదిలో మేమందరం. నాన్నను మేం బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. నాయినమ్మ కూడా మాతోనే ఉండేది. నేను పుట్టినప్పటి నుంచి బక్కపిల్లనే. చలి మొదలైతే చాలు, దగ్గు పట్టుకుని నెలల తరబడి వదిలేది కాదు. నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసం వచ్చేది. వీధిలో పిల్లలు ఆడుతుంటే నేను గడప మీద కూర్చుని ఎవరు ఓడారో, ఎవరు గెలిచారో చెప్పేదాన్ని. దానికి బలం చాలదంటూ నాయినమ్మ నా జొన్న గట్కలో మాత్రం ఇంత నెయ్యి ఎక్కువ వేసేది.

నేను ఆరో తరగతిలో ఉండగా మా బడికి కొత్తగా సైన్సు టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మా వీధి చివర ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. పుస్తకంలో బొమ్మ చూపించి సరిపెట్టే రకం కాదు. వేరు గురించి చెప్పాలంటే మొక్కను పీక్కొచ్చేది. గుండె పాఠం వచ్చిన రోజు పొద్దున్నే కటికాయన దగ్గరికి వెళ్లి, మోదుగాకులో చుట్టించుకుని మేక గుండెను తెచ్చింది.

దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి మమ్మల్నందరినీ బల్ల చుట్టూ నిలబెట్టింది. "మీ పిడికిలి ముడువుండ్రి. మీ గుండె గంతే ఉంటది" అంది. బ్లేడుతో నిలువునా కోసి, రెండు చెక్కలూ విప్పి చూపించింది. పైన రెండు గదులు, కింద రెండు గదులు. ఒళ్లంతా తిరిగి అలిసిన రక్తం కుడివైపు చేరి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ గాలి పట్టుకుని ఎడమవైపు వచ్చి, మళ్లీ ఒళ్లంతా పోతుంది. ఎడమ కింది గది గోడ మందంగా ఉంది. కాలి గోటి దాకా తోసే పని దానిదే కాబట్టి. గదుల మధ్య తెల్లటి పల్చటి తలుపులు ఉన్నాయి. అవి ఒకవైపే తెరుచుకుంటాయి, రక్తాన్ని వెనక్కి రానివ్వవు. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేవి ధమనులని, తిరిగి తెచ్చేవి సిరలని చెప్పింది. గుండె పైభాగంలో రెండు లావు గొట్టాలు పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి. ఒకటి ఒంటికి పోయేది, ఒకటి ఊపిరితిత్తులకు పోయేది. వాటిలో మమ్మల్ని వేలు పెట్టి చూడమంది. నేనూ పెట్టాను. చల్లగా, జారుడుగా ఉంది.

తర్వాత అట్టను గొట్టంలా చుట్టి, ఒకరి గుండె ఒకరు వినమంది. గుండె తలుపులు పడే చప్పుడే లబ్ డబ్ అని చెప్పింది. పిల్లలు ఒకటే నవ్వులు. నా పక్కన కూర్చునే పిల్ల నా ఛాతీకి గొట్టం ఆనించి విని, తల ఎత్తి గట్టిగా అరిచింది.

"టీచర్, దీనికి లబ్ డబ్ వస్తలేదు. పిండి గిర్ని తిరిగినట్టు వస్తుంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీచరమ్మ నవ్వుతూనే వచ్చింది. గొట్టం అందుకుని వంగి వింది. చాలాసేపు వింది. తర్వాత గొట్టం పక్కన పెట్టి అరచెయ్యి ఆనించింది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్లలో నుంచి పోయింది.

"టీచర్, అందరికి గిట్ల ఉండదా?" అని అడిగాను.

"గొట్టం చినిగింది. అందుకే గట్ల వినవడ్డది" అని చెప్పి, అట్టను మడిచి తన సంచిలో పెట్టేసుకుంది. గొట్టం చినగలేదు. నా కళ్లముందే ఉంది కదా, నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. ఉప్పు తెమ్మని అవ్వ నన్ను దుకాణానికి పంపింది. ఉప్పు ఇంట్లో నిండుగా ఉంది. నేను వీధి మలుపు తిరగకముందే మగ్గం చప్పుడు ఆగిపోయింది. చీకటి పడకుండా బాపు మగ్గం దిగడం నేను అంతవరకూ చూడలేదు.

మూడు రోజుల తర్వాత దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు విని, పక్క గదిలో ఉన్న ఇంకో డాక్టరును పిలిచి "నువ్వు కూడ విను" అన్నాడు. ఇద్దరూ నాకు తెలియని మాటలు మాట్లాడుకున్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చారు. అక్కడ ఫోటోలు తీశారు, రక్తం తీశారు, పిలుస్తామని చెప్పి పంపారు. ఆ పిలుపు కోసం ఎదురుచూసిన నెలన్నర నా జీవితంలో అన్నిటికంటే చెడ్డకాలం.

నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ ఇల్లంతా మారిపోయింది. నాయినమ్మ నా మెడలో తాయెత్తు కట్టింది. అవ్వ నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. బాపు మగ్గం మీద నుంచి ఉన్నట్టుండి తల తిప్పి నన్ను చూసేవాడు. నేను చూస్తే తల దించుకునేవాడు. వీధిలో ఆడవాళ్లు నన్ను దగ్గరికి పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్లు. నేను తింటుంటే కళ్లొత్తుకునేవాళ్లు. ఒకరోజు పక్కింటి గోడ వెనక నుంచి మాట వినిపించింది. "గుండెల బొక్క వడ్డదట. ఎన్ని దినాలుంటదో, ఏమో."

బొక్క పడిన కుండ ఏమవుతుందో నాకు తెలుసు. లోపల నుంచి రక్తం కొంచెం కొంచెంగా కారిపోతూ ఉంటుందనుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే మొదట దుప్పటి ఎత్తి చాప మీద రక్తం ఉందేమోనని చూసేదాన్ని. లేకపోతే ఆ రోజుకు బతికినట్టు. ఆ సంగతి ఎవరికి చెప్పను? నా ముందు అందరూ నవ్వుతూ ఉండేవాళ్లు. ఆ నవ్వులంటే నాకు భయమేసేది.

పిలుపు వచ్చాక, బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. నేను పెరట్లో గోడకు ఆనుకుని ఉన్నాను. ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. అయినా నా పక్కన మట్టిలోనే, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

"ఆ దినం గొట్టం చినగలే. నీతోటి అబద్ధం చెప్పిన. నాకు భయమైంది" అంది.

పెద్దవాళ్లు నాకు తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది. దుప్పటి సంగతి చెప్పేశాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత పుల్ల తీసుకుని మట్టిలో గుండె బొమ్మ గీసింది. పైన రెండు గొట్టాలు గీసింది.

"ఇది బొక్క కాదు. రక్తం బయటికి కారదు. తల్లి కడుపుల ఉన్నప్పుడు బిడ్డ ఊపిరి తీయదు గదా, అందుకే ఈ రెండిటి నడుమ చిన్న దారి ఉంటది, అందరికి. పుట్టినంక అది మూసుకుంటది. నీది మూసుకోలే. ఒళ్లుకు పోవాల్సిన రక్తం కొంత ఇట్ల మల్లి ఊపిరితిత్తులకే పోతుంది. అదే ఆ చప్పుడు. డాక్టర్లు మత్తిచ్చి, ఛాతీ పక్కన కోసి, ఆ దారిని కట్టేస్తరు."

"నేను సచ్చిపోతనా టీచర్?"

ఆమె పుల్ల కింద పెట్టింది. "కట్టకుంటే నువ్వు పెద్దగైనకొద్ది గుండె అలిసిపోతది. కడితే బాగైన పిల్లలే శానామంది. అందరు కారు. నీకు ఇంకోసారి అబద్ధం చెప్ప" అంది.

భయం పోలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. పొద్దున దుప్పటి ఎత్తి చూసుకోలేదు.

బస్సు ప్రజ్ఞాపూర్‌లో ఆగినప్పుడు బాపు నాకు బన్ను కొనిచ్చాడు, తాను మాత్రం చాయ కూడా తాగలేదు. దవాఖానలో నా పక్క మంచం మీద దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చిన పిల్ల ఉంది. నా ఈడుదే. పెదవులు, గోళ్లు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉండేవి. నాలుగడుగులు నడిస్తే కింద గొంతుకూర్చుని ఊపిరి కోసం ఎగపోసేది. చార్మినార్ చూపిస్తామని చెప్పి వాళ్ల అమ్మానాన్న తీసుకొచ్చారట. ఆరు రోజులుగా ఆ పిల్ల కిటికీ వైపే చూస్తూ ఉంది.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ బట్టలు ఉతకడానికి పోయినప్పుడు నా మంచం దగ్గరికి వచ్చింది. "చార్మినార్ లేదు గదా?" అంది. "నన్నేం చేస్తరు?"

నేను జరిగి జాగ ఇచ్చాను. పక్కన కూర్చుంది. నీ గుండెలో ఏముందో నాకు తెలియదన్నాను. మత్తు ఇస్తారని, నిద్రపోయినట్టే ఉంటుందని, ఛాతీ కోసి బాగుచేసి కుడతారని, లేచాక నొప్పి ఉంటుందని చెప్పాను. సచ్చిపోతరా అని అడిగింది. "కొందరు" అన్నాను. "నీకు భయమైతలేదా?" అంది. "అయితుంది" అన్నాను. ఆ పిల్ల నా ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆ అదురు చూసి కిసుక్కున నవ్వింది. తనకు అలా లేదని నా చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున ఆ పిల్లను తీసుకుపోయారు. సాయంత్రానికి మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. నర్సును అడిగితే వేరే వార్డుకు మార్చారంది. మంచం కింద ఆ పిల్ల రబ్బరు చెప్పులు అలాగే ఉన్నాయి.

ఆ చెప్పుల కోసం తర్వాతి రోజు వాళ్లమ్మ వచ్చింది. వాటిని కొంగులో చుట్టుకుని పోబోతూ నా దగ్గర ఆగింది. "నువ్వేం చెప్పినవ్ బిడ్డా నా బిడ్డకు? లోపలికి పోయెటప్పుడు నేనే ఏడ్చిన. అది ఏడ్వలే. 'నాకు తెలుసు అవ్వా, నిద్ర పోయినట్టుంటదట' అన్నది నాతోటి" అంది. నా సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయింది. నన్ను నిష్ఠూరమాడిందో, దీవించిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

బాపు అప్పుడే నీళ్లు పట్టుకొచ్చాడు. "ఆ పిల్ల సచ్చిపోయింది గదా బాపూ?" అన్నాను. బాపు కిటికీ వైపు తిరిగాడు. ఎప్పటిలాగే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. కానీ చెంబు కింద పెట్టి, వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. "అవు బిడ్డా" అన్నాడు. "సచ్చిపోయింది. రేపు నిన్ను తీస్కపోతరు. నాకు శాన భయమైతుంది." నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నెలన్నర తర్వాత బాపు మళ్లీ నాకు దొరికినట్టనిపించింది.

నేను బతికాను. కళ్లు తెరిచేసరికి కోసిన చోట మంటగా ఉంది, నోరు ఎండిపోయి ఉంది. ఆ దారిని పట్టు దారంతో రెండుచోట్ల కట్టేశామని డాక్టరు చెబితే, బాపు అంత కంగారులోనూ అది ఎన్ని పోగుల దారమని అడిగాడట. డాక్టరు నవ్వాడట. నాలుగో రోజు కట్ల పక్క నుంచి చెయ్యి పెట్టి చూసుకున్నాను. అదురు లేదు. లోపల అంతా నిశ్శబ్దంగా ఉంది. సంతోషించాల్సింది పోయి భయపడి బాపును పిలిచాను.

టీచరమ్మకు తర్వాతి ఏడు బదిలీ అయింది. ఆమె ఊరు వదిలి పోయేముందు దౌల్తాబాద్ పిల్ల సంగతి చెప్పాను. నేను చేసింది మంచో చెడో చెబుతుందనుకున్నాను. "నాకు తెల్వది బిడ్డా" అని నన్ను దగ్గరికి తీసుకుంది. అంతే.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. కిందటేడు మా ఆయనకు గుండెకు రక్తం అందించే నాళాలు మూసుకుపోయాయి. వయసు మీద పడింది, కోత తట్టుకోడని తేల్చారు. డాక్టరు మా కొడుకును, నన్ను బయటికి పిలిచి, ఇంక ఎన్నో రోజులు లేవని చెప్పాడు. కొడుకు లోపలికి వచ్చి, ఏం పర్వాలేదు నాయినా, వారంలో ఇంటికి పోతమన్నాడు. కోడలు నవ్వుతూ దుప్పటి సర్దింది. వాళ్లు చాయ తాగడానికి పోయాక మా ఆయన నా వైపు చూశాడు. కుర్చీ మంచానికి ఆనించి కూర్చుని, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

ఆయన నా వైపు ఒత్తిగిలి పడుకున్నాడు. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి, "నువ్వన్నా చెప్పినవ్" అన్నాడు.

పదకొండు రోజులు ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ మేమిద్దరం మాట్లాడుకున్నాం. అలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ భయమేస్తుంది. భయపడుతూనే చెబుతాను.