అన్నిటికంటే ముందు పూలకొట్టు

కాలు ఒకచోట నిలవని మనిషిని నేను. తిరిగిన ఊళ్లలో మేడలూ కోటలూ చాలానే చూశాను గానీ, మనసులో మిగిలిపోయినవి రైలు పట్టాల పక్కనుండే సిగ్నల్ కేబిన్లు. లోపల ఒక్కడే మనిషి. అతను ఇక్కడ కడ్డీ లాగితే ఎక్కడో కనుచూపు దాటిన చోట పట్టా పక్కకి జరుగుతుంది. ఆ పట్టా అతనికి కనిపించదు. దాని మీద వెళ్లే బండిలో కునుకు తీసేవాళ్లకి ఇతనొకడున్నాడనే తెలీదు. దీపస్తంభాల కాపలాదారుల గురించి కూడా చాలా చదివాను, కానీ వాళ్లకి కనీసం ఓడలు కనిపిస్తాయి. కేబిన్ మనిషికి నమ్మకం తప్ప ఇంకేం లేదు. అలాంటి మనిషి మా ఇంట్లోనే తయారవుతుందని నేనేనాడూ అనుకోలేదు.

మా అన్నయ్య కూతురి సంగతి చెబుతున్నాను. ఇంట్లో అందరం తాళం అంటాం. చిన్నప్పుడు అందరం కలిసి ఎక్కడికన్నా బయల్దేరితే, వీధి చివరిదాకా వచ్చాక వెనక్కి పరిగెత్తి, వేసిన తాళాన్ని ఇంకోసారి లాగి చూసి వచ్చేది. మేం ఎండలో నిలబడి పళ్లు నూరుకునేవాళ్లం. ఆ లాగి చూసే గుణమే ఇప్పుడు కొన్ని వందల దుకాణాలని కాస్తోంది.

పని చేసేది వెబ్‌సైట్లకి చోటిచ్చే హోస్టింగ్ కంపెనీలో. సర్వర్లంటే పెద్ద కంప్యూటర్లే. ఒక్కోదాంట్లో పళ్ల డాక్టరు, డ్రైవింగ్ స్కూలు, పాత పుస్తకాల కొట్టు, ఇలా ఎవరెవరివో వెబ్‌సైట్లు పక్కపక్క వాటాల్లో కాపురముంటాయి. ఆ సర్వర్లేమో వేరే వేరే నగరాల్లో, చల్లటి హాళ్లలో. తాళం మాత్రం మా ఇంటి మేడ మీద, కిటికీ పక్క బల్ల దగ్గర. ముందున్న తెర మీద ఒక్కో సర్వరుకి ఒక్కో పచ్చ చుక్క. చెప్పదలుచుకున్నది ఒక్కదానికే చెప్పచ్చు, ఒక్క నొక్కుతో అన్నిటికీ చెప్పచ్చు. ఆ రెండో బొత్తాన్ని చూస్తేనే నాకు చెమట పడుతుంది.

కొత్తలో ఏ మార్పు చేసినా చేతికందిన సర్వరు మీద ముందు చేసి చూసేదట. ఒకసారి అలాగే ఒక సంగీతం టీచరు వెబ్‌సైటు పడిపోయింది, అదీ పిల్లల్ని చేర్చుకునే రోజున. ఆవిడ ఫోన్ చేసి, "నేనే ఏదో తెలీక నొక్కేసినట్టున్నానమ్మా, ఏమీ అనుకోకు" అందిట. తిట్టి ఉంటే మర్చిపోయేది. తప్పు తనదైతే ఆవిడ క్షమాపణ అడిగింది. ఆ మాట మా పిల్ల గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ వారంలోనే కింద వాటాలో తన అన్నా వదినా నడిపే పూలకొట్టు వెబ్‌సైటుని వేరే సర్వరుకి మార్చింది. అందులో ఉన్నవన్నీ ఇంటివాళ్లవీ, స్నేహితులవీ, తనదీ. తెర మీద దాన్ని మొదటి చుక్కగా పెట్టింది. ఇక ఏ మార్పయినా ముందు దాని మీదే.

"ఇదేం న్యాయమే?" అని అడిగాను.

"తప్పు నాదైతే నన్ను తిట్టగలిగే మనిషి ఉండాలి బాబాయ్. మా వదిన ఉంది. ఆ విషయంలో లోటు లేదు."

ఈసారి నేను ఊళ్లు తిరిగి ఇంటికి చేరేసరికి కొట్టు హడావిడిగా ఉంది. మర్నాడు ఊళ్లో కాలేజీల్లో పట్టాలిచ్చే రోజు. మధ్యాహ్నం దాకా వెబ్‌సైటులో బొకేల ఆర్డర్లు. కొట్టుకి ఏడాదికొక్క పూట అది. తాళం వదిన, అంటే నాకు కోడలు, మెట్ల కింద నిలబడి అరిచింది. "ఏమే తాళం, ఇవాళొక్కరోజు మా జోలికి రాకు. పుణ్యముంటుంది."

"ఏమీ లేకపోతే రాను వదినా."

"ఉంటే?"

"ఉంటే మొదట మీదే."

"మామయ్యా, మీరైనా చెప్పండి," అంది నాతో. నా మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనక.

కాసేపటికే మేనేజరు ఫోను. సర్వర్లలో ఎక్కడో కంత బయటపడిందట, దొంగలు దూరుతున్నారట. "కాపలా బిగించెయ్యమ్మా. అన్నిటికీ ఒకేసారి."

"బిగిస్తాను సార్. ముందు ఒకదానికి."

"టైము లేదంటుంటే."

"లేదు గనకే సార్, ముందు ఒకదానికి."

ఆదేశం తనే రాసింది. కంపెనీ ముందుగేటు సర్వరు దాటి వచ్చినవాళ్లని తప్ప ఇంకెవర్నీ రానివ్వకూడదని దాని సారాంశం. నొక్కబోయే ముందు ఇంకో మాట కూడా చేర్చింది. పది నిమిషాల్లో నేను వచ్చి బాగుందని చెప్పకపోతే, చెప్పిందంతా మర్చిపోయి పాత పద్ధతికి వెళ్లిపో, అని.

"అదెందుకు?"

"దూరాన ఉన్న ఇంటి తలుపు ఇక్కణ్ణించి లాగి వేస్తున్నాం బాబాయ్. తాళంచెవి లోపలే ఉండిపోతే? అక్కడి మనిషి వెళ్లి తీసేసరికి రేపవుతుంది."

వేలు బొత్తాం మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. కింద కోడలు పూలకి నీళ్లు చల్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. నొక్కింది.

మొదటి చుక్క ఎర్రబడింది.

మళ్లీ పిలిచి చూసింది. సర్వరు పలకలేదు. కింద నీళ్ల చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద అడుగులు.

"పోయింది కదూ? తెరవబోతే తెల్లగా వస్తోంది. చెప్పానా, చిలక్కి చెప్పినట్టు చెప్పానా?"

"తిట్టు వదినా. నా పొరపాటే."

"తిట్టడానికి కూడా తీరిక లేదే నాకు. ఫోన్లు మోగుతున్నాయి." అంటూనే పావుగంటకి సరిపడా తిట్లు మూడు ముక్కల్లో తిట్టి దిగిపోయింది.

తాళం కదల్లేదు. తను రాసిందాన్ని అక్షరం అక్షరం చదువుకుంటూ కూర్చుంది. నేను టీ పెట్టి తెస్తే తాగలేదు. సగంలో చప్పున ఆగింది. "ముందుగేటు సర్వరుని మొన్ననే మార్చాం. నేను పాత గేటు చిరునామా రాశాను. కొత్త గేటు నుంచి వచ్చేవాళ్లందర్నీ తోసేస్తోంది. నన్నూ, కొనేవాళ్లనీ."

"అన్నిటికీ నొక్కి ఉంటే?"

తాళం తెర మీద బారులు తీరిన పచ్చ చుక్కలకేసి చూసింది. నేనూ చూశాను. వాటి వెనక ఉన్న పళ్ల డాక్టర్లకీ సంగీతం టీచర్లకీ ఏమీ తెలీదు. తను ముట్టని కప్పు నేనే అందుకున్నాను. నా జన్మలో చల్లారిన టీ ఇంత గర్వంగా ఎప్పుడూ తాగలేదు.

ఎర్ర చుక్క దానంతటదే పచ్చబడింది. దూరాన ఆ సర్వరు, చెప్పిన మాట ప్రకారం, చెప్పింది మర్చిపోయింది. తాళం చిరునామా సరిచేసి మళ్లీ పూలకొట్టు మీదే నొక్కింది. ఈసారి చుక్క పచ్చగానే నిలిచింది. తర్వాత పక్కనున్న నాలుగింటికి, ఆ తర్వాతే అన్నిటికీ.

"ఏమైందమ్మా అంతసేపు?" అన్నాడు మేనేజరు.

"గేటు చిరునామా తప్పు రాశాను సార్. మొదటిదాని మీదే దొరికింది. ఇప్పుడు అన్నీ భద్రం."

"నే చెప్పినట్టు అన్నిటికీ నొక్కి ఉంటే ఇవాళ నేనూ నువ్వూ ఉద్యోగాలూడి తలో ఊరికీ బస్సెక్కేవాళ్లం," అని పెట్టేశాడు.

ఖాళీ కప్పులు పట్టుకుని కిందికి దిగుతుంటే కోడలు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. "అవునండీ, కాసేపు ఆగింది, ఇప్పుడు చూడండి. మా ఆడపడుచండీ. ఎంత పెద్ద మార్పయినా ముందు మా కొట్టు మీదే చేసి చూస్తుంది, మాది నిలిస్తేనే ఊరందరిదీ. ఏమిటీ, మీ డ్రైవింగ్ స్కూలు కూడా వాళ్ల కంపెనీలోనేనా? మరి మీది ఇవాళ ఆగిందా? ఆగలేదు కదా."

నన్ను చూసి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దానికి చెప్పకండి మామయ్యా, నెత్తికెక్కుతుంది."

చెప్పకుండా ఎలా ఉంటాను? వెనక్కి తిరిగి మెట్లెక్కి పూసగుచ్చినట్టు చెప్పేశాను. తాళం తెర మీంచి కళ్లు తిప్పకుండానే విని, "ముందు ఆ ఫోను పెట్టెయ్యమను బాబాయ్," అంది. "అవతల ఆర్డర్లు వస్తున్నాయి."