రసవాదులకు అమెరికాలో ఒక్కడే దిక్కు

శ్యామ్‌సుందర్ గారిని తిట్టండి, ఆయన కారుని తిట్టండి, పట్టించుకోరు. రసవాదులను పల్లెత్తు మాటంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తారు.

1981లో అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో కారు రంగుల ల్యాబ్‌లో కెమిస్టుగా చేరిన సుమతికి ఆ సంగతి తెలియదు. మొదటిరోజు లంచ్‌లోనే నోరు జారింది. “సీసాన్ని బంగారం చేస్తామన్న పిచ్చోళ్ళే కదండీ?”

ల్యాబ్‌లో ఆమెకు సీనియరైన శ్యామ్‌సుందర్ గారు పులిహోర డబ్బా మూసేశారు. “పిచ్చోళ్ళా? డిస్టిలేషన్ నీకెవరు నేర్పారమ్మా, మీ తాతా? బంగారం కోసం ఒకాయన బకెట్లకొద్దీ మూత్రం కాచాడు, ఫాస్ఫరస్ దొరికింది. నువ్వు కాస్తావా?”

“తింటున్నానండీ.”

“తింటూ విను. న్యూటనంతటివాడు కొలిమి ముందు కాపురం పెట్టాడు.”

ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో డాక్టరు రసవాదులను చూసి నవ్వినందుకు కేకు ముప్పావుగంట ఆగింది. కొవ్వొత్తులు రెండుసార్లు మార్చారు.

సుమతి పని చలికి పగలని రంగు తయారుచేయడం. ఎనిమిది నెలల్లో నలభై ఒక్క రేకులకు పూసింది, ముప్పై అయిదు పగిలాయి. గుంటూరు కాలేజీలో తప్పొచ్చిన రీడింగు రికార్డుకెక్కితే లెక్చరర్ చెవి మెలిపెట్టేవాడు. ఆ అలవాటుకొద్దీ బాగా వచ్చిన ఆరే నోట్‌బుక్‌లో ముత్యాల్లా రాసి, మిగతా రేకులూ చిత్తు కాగితాలూ డస్ట్‌బిన్‌లో పడేసింది.

అంతలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. “ఎనిమిది నెలలకి ఆరు పేజీలా? శుక్రవారం తేలుద్దాం” అన్నాడు మేనేజర్. ఉద్యోగం పోతే వీసా పోతుంది.

నోట్‌బుక్ చూసి శ్యామ్‌సుందర్ గారు భగ్గుమన్నారు. “మిగతావేవీ?”

“ఫెయిలయ్యాయండీ, పారేశాను.”

“నావాళ్ళు చేసిందంతా సంకేతాల్లో దాచుకుని పోయారు, అందుకే లోకం నవ్వుతోంది. తప్పులతో సహా అచ్చేసిన నలుగురి వల్ల సైన్సు పుట్టింది. దాచడానికి నువ్వెవరు?”

కారిడార్ అంతా విన్నది. ఉద్యోగం పోయే మనిషిని ఇలాగా తిట్టేది? సుమతికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

శుక్రవారం మీటింగులోకి ఆయన ఒక ట్రాలీ తోసుకొచ్చారు. దానిమీద ముప్పై అయిదు పగిలిన రేకులు. ప్రతి దాని వెనక ఆమె పారేసిన చిత్తు కాగితం, చింపితే అతికించి మరీ, పక్కన తేదీ, సుమతి పేరు. రోజూ సాయంత్రం డస్ట్‌బిన్ వెతికి ఏరిపెట్టారన్నమాట.

మేనేజర్ అరగంట సేపు తిరగేశాడు. ఇరవయ్యో రేకు నుంచి పగుళ్ళు సన్నబడుతూ వచ్చాయి. “ఇది ముందే ఎందుకు చూపించలేదు? కంటిన్యూ చెయ్యి” అన్నాడు.

బయటికొచ్చాక సుమతి ఆయన్ని ఆపింది. “ఎనిమిది నెలలు నా చెత్త ఏరారా అండీ?”

ఆయన ముఖం కందగడ్డయింది. “చెత్తా? చూడమ్మా, ఇంకోసారి సుమతి చేసిన పనిని చెత్తన్నావంటే మర్యాద దక్కదు.”