ఎర్రమ్మ చూపిన నీటిమట్టం

పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు, వానాకాలం ముగిసిన వారంలో, బరంపురం కార్యాలయానికి సహాయక ఇంజనీరుగా బదిలీ అయ్యాను. ఒడిశాలోని గంజాం తీరాన, తెలుగు మాట్లాడే నోలియా జాలర్ల పల్లె ఒకదానిలో తుపాను షెల్టరు కట్టబోతున్నారు. దాని నేల ఎంత ఎత్తున ఉండాలో నేను తేల్చాలి. అందుకు నూరేళ్ళ ఉప్పెన మట్టం లెక్కకట్టాలి. అంటే, ఏ ఏడాదైనా అంత నీరు రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న ఎత్తు. మా దగ్గరున్న సముద్రమట్టం రికార్డు కొద్ది దశాబ్దాలదే. అందులో పెద్ద ఉప్పెన ఒక్కటీ లేదు.

పల్లెలో అందరికంటే పెద్దది ఎర్రమ్మ. పెళ్ళయిన కొత్తలో వచ్చిన ఉప్పెనలో ఆమె భర్త బావి గట్టెక్కి, ఆమెను భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడట. నీళ్ళు అతని గడ్డం దాకా వచ్చి ఆగాయట. చాలా ఏళ్ళ తర్వాత అతను సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు.

బావి పూడిపోయింది గాని రాతిగట్టు మిగిలింది. మా ఖలాసీ దాని మీద స్టాఫ్, అంటే అంకెలు వేసిన కొలతకర్ర, నిలబెట్టాడు. భర్త గడ్డం ఎంత ఎత్తున ఉండేదో చూపమన్నాను. ఎర్రమ్మ గట్టెక్కింది. కర్రకు ఎదురుగా నిలబడి, తల కాస్త పైకెత్తి, అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడికి బాబూ. ఆడు నా ఎదర నిలబడితే నేనిలాగే సూసేదాన్ని."

మట్టం కొలిచే దుర్బిణి, లెవెల్‌లోంచి అంకె చదివి రాసుకున్నాను. పని అయిపోయింది. ఆమె చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.

మర్నాడు ముందటి అంకె చెప్పకుండా మళ్ళీ చూపించమన్నాను. తేడా రెండు వేళ్ళ మందం. బయల్దేరబోతుంటే అడిగింది:

"నూటికొకటంటన్నావు. అది ఏ ఏడొస్తాదో తెలస్తాదేటి?"

తెలియదన్నాను.

"మరైతే ఎత్తుగానే కట్టండి."

రికార్డును బట్టి మొదట అనుకున్న నేలమట్టాన్ని ఆమె చూపిన మట్టానికి పైన ఉండేలా పెంచాలని రాస్తే, బరంపురంలో పై అధికారి ఒప్పుకోలేదు. ముసలామె జ్ఞాపకం కొలత కాదన్నారు. రెండు రోజుల అంకెలూ, గట్టు మట్టం, పొరపాటుకు వదిలిన హద్దూ వివరంగా రాసి మళ్ళీ పెట్టాను. మూడోసారికి సంతకం చేశారు. నేల ఎత్తు పెరిగింది.

షెల్టరు కట్టాక వచ్చిన తుపానులో, మేము మొదట అనుకున్న నేలమట్టాన్ని నీరు దాటింది. పల్లెవాళ్ళంతా పైన క్షేమంగా ఉన్నారు. ఆ సంగతి ఎర్రమ్మకు చెబుదామని వెళ్ళాను. ఆమె అంతకుముందు వేసవిలోనే పోయిందన్నారు.

ఇప్పుడు రిటైరై, బరంపురం శివార్లలోని హల్దియాపదర్‌లో మా ఇంట్లో ఉంటున్నాను. తూర్పుగాలి వీస్తే ఆ ఇసుకలో మళ్ళీ లెవెల్ నిలబెట్టాలని మనసు లాగుతుంది. అడగడానికి ఆమె ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఆ పని నాకు నేర్పింది ఇది. రికార్డు చిన్నదైనప్పుడు, లెక్కను ముందుకు పొడిగించే ముందు ఊళ్ళో అడగాలి. చెప్పినదాన్ని రెండుసార్లు కొలవాలి. తేడా ఎంతో దాచకుండా రాయాలి.