అరస్వరం మేస్త్రి విన్న పాట

ఇంటింటికీ వెళ్ళి పియానోలకు శ్రుతి చేయడం ఆయన వృత్తి. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం లోకంలో అందరికీ వచ్చు, ఆయనకు మాత్రం అబ్బలేదు. కెటిల్ కూసినా, తలుపు కిర్రుమన్నా, అది ఏ స్వరమో తేల్చందే ముద్ద దిగేది కాదు. ఎవరు పాడినా "అర స్వరం తక్కువ" అని మొహం మీదే చెప్పేవాడు. వీధివాళ్ళు అరస్వరం మేస్త్రి అని పేరు పెట్టేశారు.

కూతురు చిన్నప్పుడు పాడితే కూడా అదే తీర్పు. పదిహేనో ఏట ఆ పిల్ల ఇంట్లో పాడటం మానేసింది గానీ పాట మానలేదు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ ఒక బృందంలో పాడుతోంది. వాళ్ళు మూడు వందల ఏళ్ళ నాటి, బరోక్ కాలపు ఐరోపా దైవస్తుతులు పాడి క్యాసెట్ చేశారు. అందులో ఒక పాట మొత్తం ఈమె ఒక్కతే పాడింది. క్యాసెట్‌తో పాటు చిన్న చీటీ వచ్చింది: "నాన్నా, ఆదివారం వస్తున్నా. విని ఎలా ఉందో చెప్పు." ఆ ఒక్క మాట కోసం ఆ పిల్ల ఎన్నేళ్ళుగా కాచుకుని ఉందో తల్లికి తెలుసు.

క్యాసెట్ పెట్టిన పది సెకన్లకే మేస్త్రి శ్రుతిదండం తీసి మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. సరిగ్గా అర స్వరం తక్కువ. గొంతులే కాదు, వయొలిన్లు కూడా. ఇంతమంది ఒకేసారి శ్రుతి తప్పరు కదా, కాబట్టి తప్పు టేప్ రికార్డర్ మోటారుదే అని తేల్చాడు. నేరం కూతురిది కానందుకు లోలోపల సంతోషించాడు కూడా.

"ముందు పిల్ల పాట వినండి. మోటారు ఎక్కడికీ పోదు," అంది భార్య.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మూడు రోజులు భోజనాల బల్ల నిండా మరలూ చక్రాలూ పరిచి, మోటారు వేగం పెంచి, ఆదివారం పొద్దుటికి శ్రుతి కుదిర్చాడు.

కూతురు రాగానే గర్వంగా బటన్ నొక్కాడు. బస్సు అందుకోవడానికి పరిగెత్తుతున్న పదేళ్ళ పిల్ల గొంతు వినిపించింది. తల్లి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురు పడీ పడీ నవ్వింది.

"మేం కావాలనే కిందికి పాడాం నాన్నా. ఆ కాలం పాటలకి శ్రుతి ఇప్పటి పియానోల కంటే అర స్వరం కిందే పెట్టుకుంటాం," అని చెప్పి, ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. "అయితే మూడు రోజులూ మోటారే విన్నావా? నన్ను వినలేదా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మర తిప్పి వేగం తగ్గించాడు. క్యాసెట్ వెనక్కి తిప్పి, కూతురి పాట దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దేవుడా, నన్ను దయ చూడు అన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి పాడే పాట అది. మూడోసారి ఆ మాట వచ్చేసరికి ఆయన కళ్ళు తుడుచుకోవడం తల్లీకూతుళ్ళిద్దరూ చూశారు. పాట అయిపోయాక ఆయనే బటన్ నొక్కి ఆపాడు.

"చివర్లో ఒకచోట కాస్త దిగిపోయాను," అంది కూతురు తల వంచుకుని. "నువ్వు పట్టేసే ఉంటావు."

"ఎక్కడ? నాకు వినపడలేదమ్మా."

కూతురు నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి తల్లిని మెల్లగా అడిగింది. "నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అబద్ధమాడుతున్నాడా?"

"మీ నాన్నకి ఆ విద్యే వస్తే," అంది తల్లి, "నీ చిన్నప్పుడే ఆడేవారు కదే."