మిత్రదేశాన్ని అడగవలసిన మాట

ఒక దేశం అగ్రరాజ్యం కావాలంటే యుద్ధం చేయగల శక్తితో పాటు ఇతరుల యుద్ధానికి దూరంగా నిలబడగల నేర్పు కూడా ఉండాలని కళాశాల చర్చాపోటీలో వాదించాను. రెండు దేశాలు కొట్టుకుంటున్నప్పుడు మనలా ఇద్దరితోనూ మాట చెడకుండా ఉన్న దేశం దగ్గరికే చివరకు ఇద్దరూ వస్తారన్నాను. చమురు, ఆయుధాలు, సంధి ప్రయత్నాలు అన్నీ ఆ దారినే నడుస్తాయన్నాను. బహుమతి నాకే వచ్చింది. ఆ వీడియోను ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టంతా చూసింది.

అందరికంటే శ్రద్ధగా చూసినది పక్కింటి అత్త. వాళ్లది చెరువులో చేపలు పట్టే కుటుంబం. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ ఆమె నాకు అత్తే. ఆమె కొడుకు, నేను అన్నా అని పిలిచే మనిషి, యుద్ధంలో ఉన్న ఒక దేశానికి గోదాము కాపలా ఉద్యోగమని వెళ్లాడు. యుద్ధం జరిగే చోటు వేరు, గోదాము వేరు అని హయత్‌నగర్ ఏజెంటు నమ్మకంగా చెప్పాడట. కొన్నాళ్లకు వీడియో కాల్‌లో అన్న సైనిక దుస్తుల్లో కనిపించాడు. తనకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని, ఇక యుద్ధం జరిగే చోటికే పంపుతారని చెప్పాడు. ఆ తరువాత అతని ఫోన్ రాలేదు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు అత్త నా దగ్గరికి వచ్చింది.

“ఆ దేశం మనకు దోస్తన్నవ్ గద బిడ్డా?”

“అవ్ అత్తా.”

“మరి దోస్తును అడుగుతే ఇయ్యడా? మన పిల్లగాడే గద.”

తప్పక అడుగుతారన్నాను. అయితే దేశాల మధ్య స్నేహంలో ఎంత గట్టిగా అడగాలన్నది కూడా తూచవలసిన విషయమని, అవతలివారికి కోపం తెప్పించకుండా అడగాలని వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

“గట్టిగ అడుగుతే చెడిపోయేది గదేం దోస్తీ? మీ మామ కల్లు దోస్తులే నయం. లొల్లి పెట్టుకుంటరు, తెల్లారి మల్ల కలుస్తరు.”

పక్కనే ఉన్న మామ నవ్వలేదు.

ముగ్గురం కొంగరకలాన్‌లోని కలెక్టరేట్‌కు వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. తీసుకున్న అధికారి మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇది తన చేతిలో ఉన్నది కాదని, పైకి పంపుతానని, అక్కడి నుంచి ఢిల్లీకి పోతుందని చెప్పాడు. తిరుగు బస్సులో మామ, పైకంటే ఎంత పైకి అని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. తెలిసినది చాలా తక్కువ.

కొన్ని వారాలకు ఆ దేశాధినేతకూ మన నాయకుడికీ మధ్య భేటీ జరిగింది. అత్తావాళ్లింట్లో టీవీ ముందు కూర్చున్నాం. నాయకులిద్దరూ కౌగిలించుకున్నారు. మంచిగా నవ్వుకుంటున్నారు కాబట్టి అడగడానికి ఇదే సమయమని అత్త మెల్లగా మామతో అంది. తెర మీద చమురు, ఆయుధాలు, వర్తకం గురించి మాటలు సాగాయి. మనం లేకుండా ఇక ప్రపంచంలో ఏ నిర్ణయమూ జరగదని వ్యాఖ్యాత ప్రకటించాడు. ఇంచుమించు అదే వాక్యం నేను వేదిక మీద పలికాను. అది తప్పని ఈనాటికీ నిరూపించలేను; అయినా ఆ గదిలో దానితో చేయదగిన పని ఏదీ కనిపించలేదు.

ఉమ్మడి ప్రకటన కోసం ఫోన్‌లో వెతికాను. చివరి భాగంలో, పౌరులకు సంబంధించిన అంశాలు కూడా చర్చకు వచ్చాయని ఒకే ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాను.

“మావోని పేరు తీసిండ్రా?”

“గట్ల పేర్లు చెప్పరత్తా.”

“పేరు చెప్పకుంటే ఎవర్ని పంపిస్తరు?”

అత్త నా ఫోన్ వైపు చూపించింది. విదేశాల్లో చిక్కుకున్నవారి కోసం ఇచ్చిన సహాయ నంబరుకు మళ్లీ ఫోన్ కలపమంది. కలిపాను. వరుసలో వేచి ఉండమని హిందీలో ఒక గొంతు చెప్పి, సంగీతం మొదలైంది. అత్త చేయి చాచి ఫోన్ తీసుకుంది. కొడుకు పేరు, తండ్రి పేరు, ఊరు ఇబ్రహీంపట్నం అని ఒక్కొక్కటే విడదీసి, స్పష్టంగా చెప్పడం మొదలుపెట్టింది. అవతల ఇంకా ఎవరూ ఎత్తలేదని ఆమెకు చెప్పాలి. మామ టీవీ శబ్దం తగ్గించాడు, ఆమె మాట అటువైపు బాగా వినిపించాలని.