మూడో పక్కలోయలో నీలం చుక్క

ఈ యాత్రకు నన్ను ఎంచుకోవడానికి కారణం నా భుజాలు. తెనాలి నుంచి వచ్చి సిడ్నీ పక్కన పారమట్టాలో స్థిరపడ్డ దానియేలు అంకుల్ ఇంట్లో వెనక గది నాది. ఆయనకు ఎడారి చూడాలని ఉంది, ఆయన మోకాళ్ళకు లేదు. బరువు మోసే మనిషి కావాలి. జులైలో యూనికి, అంటే మా యూనివర్సిటీకి, సెలవులు. నేను దొరికాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి సిడ్నీ సెంట్రల్‌లో రైలెక్కాం. ఆంటీ కట్టిచ్చిన పులిహోర కొండలు దాటకముందే అయిపోయింది. ఎదుటి సీటులో ఊలు అల్లుకుంటున్న ముసలావిడది మేం దిగబోయే బ్రోకెన్ హిల్. "సెలవులకి జనం సముద్రానికి పోతారు. మీరిటెందుకు?" అని అడిగింది.

"ఒక చుక్క చూడ్డానికి," అన్నారు అంకుల్.

ఆవిడ అల్లిక ఆపి నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

చుక్క సంగతి ఇది. అంకుల్ ప్రభుత్వ మ్యాపుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. మేం వెళ్తున్న వాగునీ దాని పక్కలోయలనీ చాలా ఏళ్ళ కిందట, విమానం నుంచి తీసిన ఫోటోలు చూస్తూ, కుర్చీలో కూర్చుని గీసింది ఆయనే. మూడో పక్కలోయ కొసన ఫోటోలో ఒక నల్లమచ్చ కనిపించింది. నీటిగుంట అయ్యుంటుందని నీలం చుక్క పెట్టారు. ఎవరో వెళ్ళి సరిచూసి వస్తారన్నారు. ఎవరూ వెళ్ళలేదు. మ్యాపు అచ్చయిపోయింది.

"ఎవడో ఒకడు నా చుక్కని నమ్మి ఖాళీ సీసాతో ఎక్కుతాడ్రా. నెక్స్ట్ మంత్ రిటైరైపోతున్నా. ఆ తర్వాత నా మాట ఎవడు వింటాడు?" అన్నారు మ్యాపు మడుస్తూ.

"నీళ్ళుంటే?"

"ఉంటే హాయిగా రిటైర్మెంట్ కేకు తింటా."

మర్నాడు పొద్దున బ్రోకెన్ హిల్‌లో దిగి గడియారాలు అరగంట వెనక్కి తిప్పుకున్నాం. ఆ ఊరు ఒక రాష్ట్రంలో ఉంటుంది, దాని టైము పక్క రాష్ట్రంలో ఉంటుంది. గొర్రెల ఫారాలకు సరుకులు వేసే లారీ డ్రైవరు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. మూడు గంటల మట్టిరోడ్డు తర్వాత లోయ మొదట్లో, వాననీళ్ళ ట్యాంకు దగ్గర దింపాడు. "బుధవారం మధ్యాహ్నం వస్తా. మనుషులు కనపడకపోతే పోలీసులకి చెప్తా," అన్నాడు.

"మీరు కనపడకపోతే?" అన్నాను.

"అప్పుడు నువ్వు చెప్పు," అని పోయాడు.

అక్కడ వాగంటే ఇసుక. రెండువైపులా ఎర్రటి గోడలు, మధ్యలో తెల్ల మానుల యూకలిప్టస్ చెట్లు. మొదటి పక్కలోయ పది నిమిషాల్లో ఒక మేక దగ్గర ముగిసింది. సోమవారం రెండోదానికి వెళ్ళాం. రాతి మీద చేతులు ఆనించి చుట్టూ ఎర్రమట్టి ఊదిన గుర్తులున్నాయి. ఈ నేల ఆదివాసులవి, ఎన్ని తరాల కిందటివో. అంకుల్ టోపీ తీశారు. నేనూ తీశాను. తల దురదగా ఉంది కూడా.

రెండు రాత్రులూ వంట నాదే. "షుగర్ మనిషినబ్బాయ్, గంజి వార్చాల్సిందే," అని అంకుల్ ముందే చెప్పారు. అలవాటు ప్రకారం బియ్యం రెండుసార్లు కడిగాను, ఎక్కువ ఎసరు పోశాను, మూత పట్టుకుని గంజి ఇసుకలోకి వంచాను. అన్నం పొడిపొడిగా, ఇంట్లో వండినట్టే వచ్చింది. మంగళవారం పొద్దున చూసుకుంటే ఇద్దరికీ కలిపి ఒకటిన్నర సీసా మిగిలింది. మోసుకొచ్చిన నీళ్ళలో మేం తాగినదానికంటే ఎడారికి పోసిందే ఎక్కువ.

ట్యాంకు ఆరు గంటల నడక. మూడో పక్కలోయ కొసకి రెండు గంటలు.

"వెనక్కి పోదాం అంకుల్."

"పైన నీళ్ళుంటే నింపుకోవచ్చుగా."

"ఉన్నాయంటారా? పెట్టింది మీరేగా."

ఆయన కాసేపు బూటు లేసు సర్దుకున్నారు. "నాకు తెలీదురా. తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తా? నువ్వు ఇక్కడే ఉండు, ఐ విల్ గో అలోన్."

"మీరు లేకుండా పోతే ఆంటీ గుమ్మం ఎక్కనివ్వదు. నా పుస్తకాలన్నీ లోపలున్నాయి."

ఎక్కాం. బండ వచ్చిన ప్రతిచోటా నేను పైనుంచి లాగాను, ఆయన కిందనుంచి సలహాలిచ్చారు. గోడలు దగ్గరపడి చివరికి ఒక పెద్ద చరియ కిందికి చేరాయి. దాని కింద నల్లగా, నున్నగా, దూరం నుంచి అచ్చం నీళ్ళలాగే ఉంది. అంకుల్ నన్ను దాటి ముందుకు పోయారు. మోకాళ్ళ సంగతి ఆ కాసేపు గుర్తున్నట్టు లేదు.

సన్నటి ఇసుక, ఒక కంగారూ ఎముకలు. ఆయన మోకరించి రెండు చేతులతో తవ్వారు. మోచేతుల దాకా దిగినా తడి తగల్లేదు.

"నీడరా. నీడకి నీలం రంగేశాను," అన్నారు.

"చల్లగా అయితే ఉంది అంకుల్."

ఆయన నవ్వలేదు. మిగిలిన అర సీసా పంచుకుని దిగాం.

దాహంతో తిరుగునడక గురించి గొప్పగా రాయవచ్చు గాని, అక్కడ జులై ఎండ మన పుష్యమాసపు ఎండంతే. అయినా నాలుక గుడ్డపీలికలా అయింది. సాయంత్రం ట్యాంకు కుళాయి దగ్గర ఎవరు ముందు తాగాలన్న మర్యాద పాటించలేదు.

బుధవారం లారీలోంచి ఒక కుర్రజంట దిగింది. మెల్‌బోర్న్ క్లేటన్‌లో యూని విద్యార్థులట. చేతిలో అదే మ్యాపు, కొత్తది. "పైన నీళ్ళున్నాయిగా, అందుకని తలో సీసానే తెచ్చాం," అని ఆ అమ్మాయి చుక్క మీద వేలు పెట్టి చూపించింది.

అంకుల్ మ్యాపు అడిగి తీసుకున్నారు. చొక్కా జేబులోంచి బ్లేడు తీసి, బండ మీద పరిచి, చుక్కను మెల్లగా గీకడం మొదలుపెట్టారు.

"ఏయ్ మేట్, అది కొత్త మ్యాపు," అన్నాడు కుర్రాడు.

"గీసింది నేనే. ఇక్కడ నీళ్ళు లేవు. నిన్నే చూసొచ్చా."

కుర్రాడు నావైపు తిరిగాడు. "నిజమే. సామాను మోసింది నేను," అన్నాను. ఆ అమ్మాయి మ్యాపును ఎండకు ఎత్తి పట్టింది. చుక్క ఉన్నచోట కాగితం పలచబడి వెలుతురు వస్తోంది. తర్వాత ఇద్దరూ ట్యాంకు దగ్గర తమ రెండు సీసాలూ నింపుకుని, మా ఖాళీ నీళ్ళ డబ్బాలు కూడా అడిగి తీసుకున్నారు.

బ్రోకెన్ హిల్‌లో పబ్బు మీది గదిలో ఒక రాత్రి గడిపి సిడ్నీ రైలెక్కాం.

"మండే పొద్దున్నే ఆఫీసుకి పోతా," అన్నారు అంకుల్. "మ్యాపు అచ్చేసే ఒరిజినల్ ఫిల్ము అక్కడే ఉంది. దానిమీదే గీకేయాలి."

"మీ బాసు ఒప్పుకుంటాడా?"

"ఆర్వోలో, అదే మధ్యాహ్నం, టీకి పోతాడుగా. అప్పుడు గీకుతా."

పాత అచ్చు మ్యాపులు ఇంకా దుకాణాల్లో ఉన్నాయి. లోయ చూడదగ్గదే, వెళ్ళండి. మూడో పక్కలోయ కొసన నీలం చుక్క కనిపిస్తే అక్కడ మంచి నీడ ఉందని అర్థం. కాసేపు కూర్చోవచ్చు. మా అంకుల్ తవ్విన గుంట కనిపిస్తే అందులోకి తొంగిచూడకండి, ఏమీ లేదు.